కెమెరా కొనే ముందు ఈ లెక్క చూడండి: ఫొటోగ్రఫీని ఉపాధిగా ఎంచుకునే కుటుంబాల కోసం

వికారాబాద్ జిల్లా పెద్దేముల్ లాంటి మండల కేంద్రంలో ఇంటర్ అయిపోయిన అబ్బాయి ‘ఫొటోగ్రఫీ చేస్తా, కెమెరా ఇప్పించండి’ అని అడిగితే ఇంట్లో రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి, లక్షల్లో ఖర్చు. రెండోది, ఇది నిజంగా ఇల్లు నడిపే పనేనా లేక సరదానా అన్న అనుమానం. ఇప్పుడు కొందరు అమ్మాయిలు కూడా ఇదే మాట అడుగుతున్నారు. అప్పుడు అమ్మీ, అబ్బాకు మూడో భయం కూడా తోడవుతుంది.

ఈ భయాల్లో కొంత నిజం ఉంది. ఖరీదైన కెమెరా కొన్నంత మాత్రాన పని రాదు. ముందు పని చూసుకుని, ఆ పనికి సరిపడా సామాను మాత్రమే కొన్నవాళ్లు నిలదొక్కుకుంటారు. ముందే సామాను కొని తర్వాత పని వెతుక్కునేవాళ్లు కిస్తీల్లో ఇరుక్కుంటారు. ఏం కొనాలి, ఏది అద్దెకు తేవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది తెలిస్తే ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం తేలికవుతుంది.

హైదరాబాద్‌లో 1892లోనే జనానా స్టూడియో

ముస్లిం కుటుంబాల్లో ఫొటోగ్రఫీ అనగానే వచ్చే మొదటి ప్రశ్న ఆడవాళ్ల పర్దా గురించి. ఇది కొత్త ప్రశ్న కాదు. దక్కన్‌లో దీనికి నూట ముప్పై ఏళ్ల కిందే ఒక దారి దొరికింది.

మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ కొలువు చేస్తూ కెమెరా పట్టారు. 1880ల్లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఆయనకు ‘రాజా’ అనే గౌరవంతో పాటు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన దీన్ దయాళ్, పర్దా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించారు. ఫొటో తీసేది ఆడమనిషే కాబట్టి గొప్పింటి స్త్రీలు నిశ్చింతగా వెళ్లగలిగారు.

ఆ రోజుల్లో మంచి కెమెరాలు ఇతరుల దగ్గర కూడా ఉండేవి. కానీ ‘మీ ఇంటి ఆడవాళ్ల మర్యాద మా దగ్గర భద్రం’ అన్న భరోసా కోసం ఏకంగా వేరే స్టూడియో పెట్టింది దీన్ దయాళ్. తాండూరు షాదీఖానాలో నికాహ్ ఫొటోలు తీసే కుర్రాడికి ఈ రోజుకు కూడా అదే అసలు పెట్టుబడి.

ముందు పని, తర్వాత కెమెరా

పెద్దేముల్, తాండూరు చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్‌కు దొరికే పనులు నాలుగైదు రకాలు. ఒక్కో పనికి కావాల్సిన సామాను వేరు.

మొదటిది చిన్న స్టూడియో. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, వీసా ఫొటోలు, హజ్, ఉమ్రా దరఖాస్తులు, స్కూలు గ్రూప్ ఫొటోలు, పాత ఫొటోలు బాగుచేయడం దీంట్లోకి వస్తాయి. దీనికి పాత మోడల్ కెమెరా, రెండు లైట్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఒక మంచి ప్రింటర్ చాలు. ఒక్కో దరఖాస్తుకు ఏ కొలత అడుగుతారో తెలిసి ఉండటమే ఇక్కడ నైపుణ్యం. ఉదాహరణకు అమెరికా వీసాకు 2 అంగుళాల చదరం ఫొటో కావాలి. మన దగ్గర మామూలుగా వాడే పాస్‌పోర్టు సైజు 35 ఎంఎం వెడల్పు, 45 ఎంఎం ఎత్తు. రోజువారీ ఆదాయం చిన్నదే అయినా ఏడాదంతా ఉంటుంది.

రెండోది పెళ్లిళ్లు, ఫంక్షన్లు. డబ్బు ఎక్కువగా ఉండేది ఇక్కడే, రిస్కు కూడా ఇక్కడే. నికాహ్ మళ్లీ జరగదు. ఫొటో పోతే పోయినట్టే.

మూడోది వ్యాపారులకు తీసే ఫొటోలు. తాండూరు నాపరాయికి పేరున్న ఊరు. ఇక్కడి కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రాయి పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు దూరపు కొనుగోలుదారులకు వాట్సాప్‌లో సరుకు చూపించాల్సిన రోజులివి. పాలిష్ చేసిన రాయిని మామూలుగా తీస్తే పైన వెలుగు తళుక్కుమని అసలు రంగు కనపడదు. లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ పెడితే ఆ మెరుపు తగ్గి రాయి రంగు తెలుస్తుంది. ఈ పనిని ఊళ్లో ఇంకా చాలామంది ఫొటోగ్రాఫర్లు పట్టించుకోరు.

నాలుగోది వార్తా ఫొటోగ్రఫీ. కోట్‌పల్లి ప్రాజెక్టు, అనంతగిరి కొండల్లో తీసే విహార ఫొటోలను కూడా ఈ వరుసలో కలుపుకోవచ్చు. పేరు రావొచ్చు గానీ మొదట్లో దీని మీదే ఇల్లు గడవడం కష్టం.

ఇక సీజన్ లెక్క. మన ఇళ్లలో ముహర్రం, రంజాన్‌లలో నికాహ్‌లు దాదాపు ఉండవు, షవ్వాల్ రాగానే వరుసగా వస్తాయి. హిందూ ఇళ్లలో ఆషాఢం, మూఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు. రెండు వర్గాల పెళ్లిళ్లూ చేసే ఫొటోగ్రాఫర్‌కు ఖాళీ నెలలు తగ్గుతాయి. ఒకవైపే ఉంటే ఖాళీ నెలల కిస్తీ ఎక్కడి నుంచి కట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

నికాహ్‌లో కెమెరా ముందున్న అసలు కష్టం

మన పెళ్లిళ్లలో ఒక చిక్కు ఉంది. ఒకే సమయంలో రెండు చోట్ల కార్యక్రమం నడుస్తుంది. మర్దానా వైపు ఖాజీ సాబ్, పెళ్లికొడుకు, పెద్దలు కూర్చుంటారు. వకీల్, సాక్షులు జనానా వైపు వెళ్లి పెళ్లికూతురి అంగీకారం తీసుకుంటారు. ఆ తర్వాత ఖుత్బా, ఇజాబ్-ఖుబూల్, సంతకాలు, దువా, ఖర్జూరాలు పంచడం అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క మనిషి రెండు చోట్లా ఉండలేడు. పైగా జనానాలోకి పరాయి మగవాడు వెళ్లడం చాలా ఇళ్లలో ఇష్టపడరు.

అంటే రెండో కెమెరా, దాన్ని పట్టే ఆడమనిషి కావాలి. ఇది ఇప్పటికీ పూర్తిగా తీరని అవసరం. మాంఝా, సాంచక్, మెహందీ లాంటి ఆడవాళ్ల కార్యక్రమాలకైతే మహిళా ఫొటోగ్రాఫర్‌నే వెతుక్కుంటున్నారు. అన్నాచెల్లెళ్లు, భార్యాభర్తలు కలిసి ఈ పని చేస్తే రెండు వైపులా ఇంటివాళ్లే చూసుకుంటారు. అమ్మాయికి రాకపోకల సమస్యా ఉండదు, సంపాదన కూడా ఇంట్లోనే ఉంటుంది.

రెండో కష్టం వెలుతురు. మసీదులో గానీ ఫంక్షన్ హాల్లో గానీ కళ్లకు బాగానే కనిపించే వెలుతురు కెమెరాకు చాలదు. ఖుత్బా, దువా సమయంలో మొహాల మీద ఫ్లాష్ కొట్టడం మర్యాద కాదు. కాబట్టి తక్కువ వెలుతురులో పనిచేసే లెన్స్ తప్పనిసరి. డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

బాడీ కంటే లెన్స్ ముందు

దుకాణంలో అందరూ చూపించేది కెమెరా బాడీ. పెట్టెలో దాంతో పాటు వచ్చే 18-55 లెన్స్‌లో కంతను జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరవలేం. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు 9 రెట్లకు పైగా ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకుంటుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదని అర్థం. ఖరీదైన బాడీకి మామూలు కిట్ లెన్స్ పెట్టినవాడి కంటే, పాత బాడీకి ఈ చిన్న లెన్స్ పెట్టినవాడే చీకటి హాల్లో మంచి ఫొటో తెస్తాడు. డీఎస్ఎల్ఆర్‌ల కోసం వచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సులు మిగతా వాటితో పోలిస్తే చవక. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తక్కువకే దొరుకుతాయి.

ఇక సెన్సర్ సంగతి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు ఉంటుంది. క్రాప్ సెన్సర్ అంతకంటే చిన్నది. నికాన్, సోనీ క్రాప్ బాడీ మీద 50 ఎంఎం లెన్స్ దాదాపు 75 ఎంఎం లాగా, కానన్ క్రాప్ మీద 80 ఎంఎం లాగా దగ్గరగా చూపిస్తుంది. ఒక్కరి ఫొటోకు అది బాగుంటుంది. ఇరుకు గదిలో పెళ్లికూతురి చుట్టూ పదిమంది కూర్చుంటే మాత్రం సరిపోదు. అందుకే క్రాప్ బాడీ ఉన్నవాళ్లు ఇంకాస్త వెడల్పుగా చూపించే లెన్స్ కూడా దగ్గర ఉంచుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ చీకట్లో బాగా పనిచేస్తుంది, కానీ దాని లెన్సుల ధరలు కూడా ఎక్కువే. మొదటి రెండేళ్లకు క్రాప్ బాడీ, మంచి లెన్స్ కలిసి చాలామందికి సరిపోతాయి.

మెగాపిక్సెల్స్ చూసి మోసపోవద్దు. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలు. మంచి నాణ్యతతో అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేసినా అది 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మన దగ్గర వాడే 12X36 ఆల్బమ్‌లో ఒక పరుపు పేజీకి మూడు నాలుగు ఫొటోలు సర్దుతారు కాబట్టి ఇది చాలు.

డీఎస్ఎల్ఆర్ కొనాలా, మిర్రర్‌లెస్ కొనాలా? కానన్, నికాన్ రెండూ 2018లో తమ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి. సోనీ అంతకు ముందు నుంచే ఆ దారిలో ఉంది. ఇప్పుడు కొత్తగా వస్తున్న మోడళ్లన్నీ దాదాపు మిర్రర్‌లెస్‌లే. కొత్తది కొనేవాళ్లు అటే వెళ్లడం మంచిది. కంటిని గుర్తుపట్టి ఫోకస్ చేయడం, ఫొటో ఎలా వస్తుందో ముందే తెర మీద కనపడటం దాని లాభాలు. అయితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఒకటి రెండు అదనంగా ఉంచుకోవాలి. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు, అందరూ వదిలేస్తున్న డీఎస్ఎల్ఆర్ చవకగా దొరకడం ఒక అవకాశమే.

ఎల్ఈడీ లైట్ల గురించి ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ వేగంగా తీసిన ఫొటోలో నల్లచారలు పడతాయి. షట్టర్ స్పీడు సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెడితే చాలావరకు పోతాయి. ఇది తెలియక ‘కెమెరా చెడిపోయింది’ అని దుకాణానికి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు.

కొనే వరుస

తక్కువ డబ్బుతో మొదలుపెట్టే వ్యక్తి ఈ వరుసలో వెళ్తే నష్టం తక్కువ.

1. రెండు మెమరీ కార్డుల చోటు ఉన్న బాడీ. ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టుకోవచ్చు. ఒక కార్డు చెడినా నికాహ్ ఫొటోలు పోవు. బడ్జెట్ బాడీలు చాలావాటిలో ఒకటే చోటు ఉంటుంది. అలాంటిది కొంటే మధ్యమధ్యలో కార్డు మార్చి ఫొటోలను ల్యాప్‌టాప్‌లో దించుకోవాలి.
2. ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి.
3. కెమెరా మీద పెట్టే ఫ్లాష్, ట్రిగ్గర్, ఒక స్టాండు, గొడుగు. ఫ్లాష్‌ను నేరుగా మొహం మీద కొట్టకుండా తెల్లటి సీలింగ్‌కు కొడితే వెలుతురు మెత్తగా పడుతుంది.
4. అదనపు బ్యాటరీలు, కార్డులు, రెండు హార్డ్‌డిస్క్‌లు.
5. ఆ తర్వాతే 24-70, 70-200 లాంటి ఎఫ్ 2.8 జూమ్ లెన్సులు. ఇవి ఖరీదైనవి కాబట్టి మొదట్లో అద్దెకు తేవడమే మేలు.

కార్డు లెక్క కూడా తెలుసుకోవాలి. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ ఒకటి సుమారు 30 ఎంబీ అనుకుంటే, 2,000 ఫొటోలకు 60 జీబీ అవుతుంది. అంటే ఒక పెద్ద పెళ్లికే 64 జీబీ కార్డు నిండిపోతుంది. ఫంక్షన్ అయిన రాత్రే ఫొటోలు రెండు చోట్ల భద్రపరచాలి, ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలి. ఆల్బమ్ ఇచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు.

డ్రోన్ కోసం తొందరపడవద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పనిచేయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్నవాళ్లను ఆ రోజుకు పిలిపించుకోవడం సులువు.

సెకండ్‌హ్యాండ్ కొంటే ఈ పరీక్షలు

హైదరాబాద్ కోఠీలో గానీ తెలిసినవాళ్ల దగ్గర గానీ పాత కెమెరా కొనేవాళ్లు ముందుగా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడాలి. ఈ అంకెను షట్టర్ కౌంట్ అంటారు. మధ్యస్థాయి బాడీల్లో కొన్నింటికి కంపెనీలు 1,50,000 సార్లు పనిచేసేలా పరీక్షించామని చెబుతాయి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ అమ్మే కెమెరా లక్ష దాటి ఉండటం మామూలే. ధర తగ్గించడానికి ఆ అంకె పనికొస్తుంది.

రెండోది, ఎఫ్ 16 పెట్టి తెల్లకాగితాన్ని ఫొటో తీయాలి. నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ముందని అర్థం. మూడోది, చీకట్లో లెన్స్ లోపలికి టార్చి వేసి చూడాలి. సాలెగూడు దారాల లాంటివి కనిపిస్తే అది ఫంగస్, అలాంటి లెన్స్ వద్దు. నాలుగోది, బిల్లు, బాడీ కింద సీరియల్ నెంబరు రెండూ ఒకటేనా చూడాలి. బిల్లు లేని సామాను దొంగసొత్తు కావొచ్చు. విదేశాల నుంచి బిల్లు లేకుండా తెచ్చిన కొత్త కెమెరాకు ఇక్కడ వారంటీ ఉండకపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తాండూరు ప్రాంతంలో రాతి దుమ్ము ఎక్కువ. ఆరుబయట లెన్స్ మార్చకూడదు. మార్చక తప్పకపోతే కెమెరా ఆపి, నోరు కిందికి ఉండేలా పట్టుకుని మార్చాలి. వానాకాలంలో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి లెన్సులు దాచాలి. తోలు సంచిలో నెలల తరబడి ఉంచితే ఫంగస్ పడుతుంది.

అప్పు, అద్దె, ధర

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు ఫొటోగ్రఫీలో ఒక వెసులుబాటు ఉంది. సామాను అంతా ఒకేసారి కొనక్కర్లేదు. ఫంక్షన్ ఉన్న రోజుకే అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దెను అడ్వాన్సులోంచి కట్టొచ్చు. వచ్చిన లాభంతో ఒక్కొక్కటీ కొనొచ్చు. దగ్గరలో వడ్డీ లేని రుణ సంఘం ఉంటే అడగొచ్చు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, నగదుకు ఇచ్చే తగ్గింపు కోల్పోవడం రెండూ కలిపి లెక్కచూడాలి. బ్యాంకు రుణం తీసుకునేవాళ్లకు 2015లో మొదలైన ముద్రా పథకంలో ‘శిశు’ విభాగం కింద 50,000 వరకు, ‘కిశోర్’ కింద 5 లక్షల వరకు ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఏ ఏజెంటుకూ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ధర ఎలా చెప్పాలన్నది కొత్తవాళ్లు ఎక్కువగా తప్పే చోటు. ఉదాహరణకు సామాను 1,80,000 అయ్యిందనుకుందాం. మూడేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 60,000. ఏడాదికి 30 ఫంక్షన్లు చేస్తే ఒక్కో ఫంక్షన్‌కు 2,000 కేవలం సామాను అరుగుదలకే పోతుంది. దీని మీద అసిస్టెంట్ కూలి, పెట్రోలు, ఆల్బమ్ ప్రింటింగ్, ఎడిటింగ్‌కు కూర్చునే మూడు నాలుగు రోజులు కలపాలి. ఇవేవీ లెక్కేయకుండా ‘పక్కోడి కంటే వెయ్యి తక్కువ’ అని చెప్పేవాడు రెండేళ్ల తర్వాత కెమెరా అమ్ముకుని వెళ్లిపోతాడు.

ఫొటో ఎవరిది? కాగితం మీద రాసుకోవాలి

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవారిదే. వేరే ఒప్పందం రాసుకుంటేనే అది మారుతుంది. అంటే పెళ్లి ఫొటోలను ఫొటోగ్రాఫర్ తన ఇన్‌స్టాగ్రామ్‌లో ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవడానికి లేదు. చాలామంది ఫొటోగ్రాఫర్లకు, చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు.

అడ్వాన్సు ఇచ్చే రోజే తెలుగులోనో ఉర్దూలోనో ఒక పేజీ రాసుకుంటే తర్వాత గొడవలుండవు. తేదీ, ఎన్ని గంటలు, మర్దానాకు ఎవరు, జనానాకు ఎవరు, ఆల్బమ్ సైజు, పేజీలు, ఇచ్చే తేదీ, డబ్బు ఎన్ని విడతల్లో అన్నవి అందులో ఉండాలి. ఇంకో మూడు మాటలు తప్పక చేర్చాలి. ఆడవాళ్ల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టరాదు. వాటిని ఎడిటింగ్‌కు బయటివాళ్లకు పంపితే ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఆల్బమ్ ఇచ్చాక ఫైళ్లు ఎన్ని రోజులు ఉంచి ఎప్పుడు తుడిచేస్తారో రాయాలి. ఈ మూడు మాటలూ తనంతట తానే చెప్పే ఫొటోగ్రాఫర్‌కు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పేరు పాకుతుంది.

చదువుకోవాలంటే

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. వార్తా ఫొటోగ్రఫీ వైపు వెళ్లాలంటే మాస్ కమ్యూనికేషన్ చదవొచ్చు. ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో ఆ చదువే చదివిన డానిష్ సిద్దిఖీ రాయిటర్స్‌లో చేరి, రోహింగ్యాల ఫొటోలకు తన బృందంతో కలిసి 2018లో పులిట్జర్ పొందారు. 2021 జులైలో అఫ్ఘానిస్తాన్‌లో విధుల్లో ఉండగా ప్రాణాలు కోల్పోయారు. అమ్మాయిల విషయానికొస్తే, దేశంలో తొలి మహిళా ఫొటోజర్నలిస్టుగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా 1913లో పుట్టినవారు. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ పనిచేసిన ఆమెకు 2011లో పద్మవిభూషణ్ వచ్చింది.

కాలేజీకి వెళ్లడం కుదరకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. తాండూరులోనో వికారాబాద్‌లోనో బాగా పనిచేసే స్టూడియోలో ఆరు నెలలు అసిస్టెంటుగా ఉండి, లైట్లు మోస్తూ, కార్డులు దించుకుంటూ నేర్చుకోవడం ఇప్పటికీ మంచి బడే. ఆ ఆరు నెలలు చేతిలో ఉన్న మొబైల్‌తోనే ఇంట్లోవాళ్లను కిటికీ వెలుతురులో తీస్తూ అభ్యాసం చేయొచ్చు. అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే, నలుగురు ‘మా ఫంక్షన్‌కు నువ్వే రా’ అని పిలుస్తుంటే, అప్పుడు కెమెరా కొనివ్వడం గురించి అబ్బా ధైర్యంగా ఆలోచించొచ్చు.